"ఐ7 గేమింగ్ పీసీ" అంటే చాలదు, మోడల్ సంఖ్య కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారాలు.

అయ్యా,

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసేదాకా మీ జిల్లా అనుబంధంలో కంప్యూటర్ దుకాణాల ప్రకటనలు వరసగా వస్తుంటాయి. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, ఆర్‌జీబీ లైట్లు, వారంటీతో" అన్న మాటలు, కింద ఒక ధర, ఒక ఫోన్ నంబరు. చాలా ప్రకటనల్లో ఇంతకు మించి ఏమీ ఉండదు. ఆ ఐ7 ఏ తరానిదో, దాన్ని ఏ మదర్‌బోర్డులో బిగించారో, 16 జీబీ ఒకే స్టిక్కుగా ఉందో రెండుగా ఉందో చెప్పకుండా గేమింగ్ కంప్యూటర్ అమ్మడమంటే సర్వే నంబరు చెప్పకుండా ఇంటి స్థలం అమ్మడమే. తిరుపతిలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు చూస్తున్నందువల్ల, డబ్బు కట్టే ముందు కొటేషన్ చూపించి సలహా అడిగే తల్లిదండ్రులు నాకు ఏటా తారసపడుతుంటారు. వారి కోసం, అంతకన్నా ముఖ్యంగా ఆ ప్రకటనలను అచ్చు వేసే మీ కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న మా కాలనీలో ఒకాయన కొడుక్కి కంప్యూటర్ కొనిద్దామని ఊళ్లోని ఒక దుకాణంలో రాయించుకొచ్చిన చీటీ నాకు చూపించారు. "ఐ7 ప్రాసెసర్, గేమింగ్ బోర్డు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, క్యాబినెట్" అని బాల్‌పెన్నుతో ఒకదాని కింద ఒకటి రాసి, చివరన మొత్తం అంకె చుట్టూ సున్నా చుట్టి ఇచ్చారు. ఏ ఐ7 అని ఆయన చేతనే దుకాణానికి ఫోన్ చేయిస్తే, "ఐ7 అంటే ఐ7ఏ సార్, అన్ని గేములూ ఆడతాయి" అన్నారు. గట్టిగా అడిగిన తర్వాత ఐ7-3770 అని తేలింది. అది 2012లో విడుదలైన ప్రాసెసర్. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), పాత డీడీఆర్3 రకం మెమరీ, అంటే ర్యామ్. తనకాలంలో మంచి ప్రాసెసరే, కాదనను. అయితే దానికి మైక్రోసాఫ్ట్ విండోస్ 11 మద్దతు లేదు, ఎందుకంటే ఐ7ను తయారుచేసే ఇంటెల్ ప్రాసెసర్లలో, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే ఆ మద్దతు మొదలవుతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏదో ఒక అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించినా, పిల్లలు ఎక్కువగా అడిగే వాలరెంట్ ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) రెండూ లేనిదే తెరుచుకోదు. పైగా ఇటీవలి ఆటల్లో కొన్నింటికి అవసరమైన ఏవీఎక్స్2 ఆదేశాలు (ఒకేసారి అనేక లెక్కలు చేయించేవి) ఇంటెల్ మూడో తరం ప్రాసెసర్లలో అసలు లేవు. అంటే "అన్ని గేములూ" అన్న మాట దుకాణం గడప దాటకముందే అబద్ధమైపోతుంది.

ఐ7 అన్న పేరు 2008 నుంచి వాడుకలో ఉంది. కాబట్టి ఆ పేరొక్కటే చూసి కొనేవారికి దాని వెనుక దాదాపు పదిహేనేళ్ల తేడా దాగి ఉండవచ్చు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కు కూడా నాలుగే కోర్లు, ఎనిమిదే థ్రెడ్లు ఉన్నా, ఒక్కో కోరు చేసే పనిలో ఆ పాత ఐ7 దాని దరిదాపులకు రాదు. ఇంటెల్ పేర్లలో నాలుగంకెల సంఖ్య ఉంటే మొదటి అంకె, ఐదంకెలుంటే మొదటి రెండంకెలు తరాన్ని చెబుతాయి. చివరి అక్షరం ఎఫ్ అయితే లోపల గ్రాఫిక్స్ ఉండదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీకి పంపిన రోజున అలాంటి కంప్యూటర్‌లో తెర వెలగదు. కే అక్షరం ఉన్నవాటి వేగాన్ని పెంచుకోవచ్చుగానీ, దానికి జెడ్ శ్రేణి బోర్డు కావాలి. కే ప్రాసెసర్‌కు ఎక్కువ డబ్బు పెట్టించి, పక్కన ఆ వీలు లేని హెచ్610 బోర్డు రాసిన కొటేషన్లు నేను చూశాను. ఇలాంటి జోడీ ఎందుకు కుదిర్చారని అడిగితే స్టాకు ఉన్నది ఇచ్చామని సమాధానం.

ఇంటెల్‌కు పోటీ సంస్థ అయిన ఏఎండీ వైపు తేడాలు ఇంకా సన్నగా ఉంటాయి. రైజెన్ 5 5600, 5600జీ, 5500 మూడింటికీ ఆరు కోర్లే, పన్నెండు థ్రెడ్లే. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే ఈ మూడింటిలో 5600కు 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ), పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డుతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారి) ఉన్నాయి. మిగతా రెండింటికీ క్యాష్ 16 ఎంబీయే, పీసీఐఈ 3.0యే. గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో కొనలేనివారికి 5600జీ సరైన ఎంపిక, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్‌తో చిన్న ఆటలు నడుస్తాయి. కార్డు కొంటున్నవారికి మాత్రం అది నష్టమే. ఆర్‌ఎక్స్ 6500ఎక్స్‌టీ వంటి కార్డులు నాలుగే పీసీఐఈ లేన్లు (వరసలు) వాడుకుంటాయి కనుక, 3.0 దగ్గర ఆగిపోయే ప్రాసెసర్‌తో జత చేస్తే వాటి పనితీరు స్పష్టంగా పడిపోతుంది. చీటీలో "రైజెన్ 5" అని మాత్రమే రాస్తే ఈ మూడింటిలో ఏది పెట్టెలోకి వస్తుందో కొనేవారికి తెలిసే మార్గం లేదు.

అసలు ఆట ప్రాసెసర్‌ను ఏం అడుగుతుందో ఒక్క మాటలో చెప్పుకోవాలి. ప్రతి ఫ్రేముకూ ముందు ప్రాసెసర్ పాత్రల కదలికలను, ఢీకొనడాలను, నెట్‌వర్క్ నుంచి వచ్చిన సమాచారాన్ని లెక్కగట్టి గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పగిస్తుంది, కార్డు బొమ్మ గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఈ మొత్తం తతంగానికి ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 కావాలంటే ఆ గడువు 7 మిల్లీసెకన్లకు కూడా చేరదు. ఈ గడువులో పని ముగించడానికి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోరు చురుకుదనం, దానికి అందుబాటులో ఉన్న క్యాష్ ఎక్కువగా ఉపయోగపడతాయి. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ ఎనిమిది కోర్లతోనే ఆటల్లో పదహారు కోర్లవాటిని దాటిపోవడానికి కారణం ఇదే. అయితే ఇంట్లో ఉన్నది 60 హెర్ట్జ్ మానిటరు, కొనబోయేది మధ్యస్థాయి కార్డు అయినప్పుడు 7800ఎక్స్3డీ కోసం అప్పు చేయడం తెలివైన పని కాదు. అలాంటి కంప్యూటర్‌కు ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600, కాస్త ఎక్కువ పెట్టగలిగితే రైజెన్ 5 7600 వంటి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. మిగిలిన డబ్బు కార్డు వైపు పోనివ్వాలి. ఐ9 ఉంటే చదువు బాగా వస్తుందని నమ్మే తండ్రులు కూడా ఉన్నారు, వారితో వాదించడం నేను మానేశాను.

ప్రాసెసర్‌ను ఎంచుకున్న క్షణంలోనే మదర్‌బోర్డు సగం ఎంపికైపోతుంది, మెమరీ కూడా ఎంపికైపోతుంది. ఈ మూడింటినీ మూడు వేర్వేరు బేరాలుగా చూడటం వల్లే చాలా నష్టాలు జరుగుతున్నాయి. ఏఎండీ ఏఎం4 సాకెట్‌కు (బోర్డులో ప్రాసెసర్ బిగించే చోటుకు) డీడీఆర్4 మాత్రమే, 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12, 13, 14 తరాలు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌కు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. ఒకే పేరున్న బోర్డు డీడీఆర్4 రకంగానూ డీడీఆర్5 రకంగానూ దొరుకుతుంది కనుక పెట్టె మీద చివరి అక్షరాల దాకా చదవాలి. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ1851 అనే మరో సాకెట్, డీడీఆర్5 మెమరీ కావాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే ఉన్నా మధ్యలోని గాటు చోటు వేరు. ఒకదాని స్లాటులో మరొకటి దిగదు, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

రేపు ప్రాసెసర్ మార్చుకునే వీలు గురించి కూడా ఇక్కడే ఆలోచించాలి. ఏఎం4 ఈ విషయంలో గొప్ప ఉదాహరణ. 2017లో బీ350 బోర్డు కొన్నవారు, తయారీ సంస్థ బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చిన చోటల్లా, అదే బోర్డులో 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోగలిగారు. ఏఎం5కు కనీసం 2027 వరకు మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. ఎల్‌జీఏ1700కు అలాంటి భవిష్యత్తు లేదు, 14వ తరంతో ఆ దారి ముగిసింది. బీటెక్ నాలుగేళ్లు కంప్యూటర్ మార్చే ఉద్దేశం లేని కుటుంబానికి ఇది పెద్ద లోపం కాదు, ధర తగ్గితే 12400ఎఫ్ ఈరోజుకీ మంచి బేరమే. మూడో ఏట ప్రాసెసర్ మార్చుకుందామనే ఆలోచన ఉన్నవారు మాత్రం ఏఎం5 వైపు వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

బోర్డు ధర తగ్గించడానికి తయారీదారులు మొదట కోత పెట్టేది వీఆర్ఎం దగ్గర. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింపావు వోల్టు స్థాయికి దించే భాగం అది, సాకెట్ పక్కనే వరసగా ఉంటుంది. చవక బోర్డుల్లో దాని మీద వేడిని లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ కూడా ఉండదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన తిరుపతిలో, ఏసీ లేని గదిలో, గాలి ఆడని గాజు క్యాబినెట్‌లో అలాంటి బోర్డు మీద ఎక్కువ కరెంటు లాగే ప్రాసెసర్ పెడితే వీఆర్ఎం వేడెక్కి ప్రాసెసర్ వేగం తనంతట తాను తగ్గిపోతుంది. అరగంట బాగా ఆడిన ఆట తర్వాత ఎందుకు తడబడుతోందని పిల్లలు గ్రాఫిక్స్ కార్డును తిట్టుకుంటారు. కనుక 65 వాట్ల ప్రాసెసర్‌కైనా వీఆర్ఎం మీద హీట్‌సింక్ ఉన్న బీ550, బీ650, బీ760 తరగతి బోర్డు అడగమని చెబుతాను. హెచ్610లో రెండే ర్యామ్ స్లాట్లు, మెమరీని ప్రాసెసర్‌కు నిర్దేశించిన వేగం దాటించే వీలు లేదు. ఐ3కి, ఆఫీసు పనికి అది సరిపోతుంది.

బయాస్ సంగతి ఒకటి చెప్పాలి. 12వ తరం కాలంలో తయారై దుకాణంలో నిల్వ ఉన్న బోర్డులో 14వ తరం ప్రాసెసర్ పెడితే, బయాస్ అప్‌డేట్ చేసేదాకా తెర మీద ఏమీ రాదు. బోర్డు వెనుక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో ఆ పని అయిపోతుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మొండికేసే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ లేకుండా ఇంట్లో ప్రయత్నించకుండా, దుకాణంలోనే చేయించి తెచ్చుకోవడం మంచిది. అలాగే ఏఎం5, ఎల్‌జీఏ1700 బోర్డుల్లో సన్నని పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. డబ్బు కట్టే ముందు ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్ టార్చి వెలుగులో పక్కవాటుగా చూస్తే, వంగిన పిన్ను ఉన్నచోట వరస చెదిరి కనిపిస్తుంది. ఇంటికి తెచ్చాక చూస్తే వంచింది ఎవరన్న తగవు తెగదు, వంగిన పిన్నులకు వారంటీ సాధారణంగా వర్తించదు.

ఇక మెమరీ. కొటేషన్‌లో "16 జీబీ ర్యామ్" అన్న మాట దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, అసలు ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఈ ప్రాసెసర్లన్నింటికీ మెమరీతో మాట్లాడే దారులు రెండు. 16 జీబీ ఒకే స్టిక్కుగా పెడితే ఒక దారి ఖాళీగా ఉండిపోతుంది. డీడీఆర్4లో 8 జీబీవి రెండు పెడితే అదే 16 జీబీ దాదాపు రెట్టింపు వెడల్పున పనిచేస్తుంది. 5600జీ వంటి లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవారికి ఈ తేడా ఆట ఆడటానికీ ఆడలేకపోవడానికీ మధ్య తేడా. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఆ రెండు స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కనే పెట్టి ఇచ్చిన కంప్యూటర్లు కూడా నా దగ్గరికి వచ్చాయి.

స్టిక్కు మీద రాసిన వేగం తనంతట తాను రాదు. 6000 అని రాసిన డీడీఆర్5 కిట్ మొదటిసారి వెలిగించినప్పుడు సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. బయాస్‌లోకి వెళ్లి ఏఎండీ బోర్డులో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డులో ఎక్స్ఎంపీ అన్న ఐచ్ఛికాన్ని ఆన్ చేస్తేనే కొన్న వేగం చేతికి వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం తెరిచి మెమరీ మీద నొక్కితే అసలు వేగం కనిపిస్తుంది. కంప్యూటర్ తీసుకునేటప్పుడు దుకాణదారుడి ముందే ఆ తెర చూడమని నేను అందరికీ చెబుతాను. వేగంతో పాటు సీఎల్ అనే సంఖ్య కూడా చూడాలి, అడిగిన సమాచారం అందించడానికి మెమరీకి పట్టే ఆలస్యం దాని నుంచే తెలుస్తుంది. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్16కూ, డీడీఆర్5 6000 సీఎల్30కూ ఆ లెక్క సరిగ్గా 10 నానోసెకన్లే. అదే 6000 సీఎల్40 అయితే 13.3కు పోతుంది. చవకగా వచ్చిందని సీఎల్40 కిట్ కట్టబెట్టినప్పుడు కొనేవారు నష్టపోయేది ఇక్కడే.

ఏఎం5 కొన్నవారికి మరో మాట. డీడీఆర్5 పెట్టి మొదటిసారి వెలిగించినప్పుడు బోర్డు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తెర నల్లగా ఉందని కంగారుపడి మెయిన్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది, ఓపిక పట్టాలి. తర్వాత ఇంకో రెండు స్టిక్కులు కలుపుకుందామనే ఆలోచన డీడీఆర్4 కాలానిది. రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లకు నాలుగు స్టిక్కులు పెట్టినప్పుడు ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. కనుక డీడీఆర్5లో మొదటే 16 జీబీవి రెండు తీసుకోవడం ఉత్తమం.

ఉత్తమమే గానీ ఇప్పుడది భారమైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనుగోలు చేస్తుండటంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులోనే ప్రకటించింది. ఈ పరిస్థితిలో దుకాణాలు మొదట తగ్గించేది రెండో స్టిక్కునే, ఎందుకంటే ప్రకటనలో దాని ఊసు ఉండదు. డబ్బు సరిపోనప్పుడు ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి రెండు స్టిక్కులు నిలుపుకోమంటాను. పాత కంప్యూటర్‌లో మంచి డీడీఆర్4 కిట్ ఉన్నవారైతే, కొత్త రకం బోర్డు కోసం ఆరాటపడకుండా దాన్ని ఏఎం4 లేదా డీడీఆర్4 రకం ఎల్‌జీఏ1700 బోర్డులో వాడుకోవడమే తెలివి.

సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 కొనేవారు ఒక విషయం తెలుసుకోవాలి. ఆ తరాల్లో ఎక్కువ వాట్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ అడిగి క్రమంగా దెబ్బతిని, ఆటలు మధ్యలో ఆగిపోయే సమస్య బయటపడింది. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ బయాస్ అప్‌డేట్ ద్వారా వస్తుంది, అది జరగబోయే నష్టాన్ని ఆపుతుందేగానీ జరిగిన నష్టాన్ని పూడ్చదు. అందువల్ల పాత యజమాని బయాస్ ఎప్పుడు మార్చారో తెలియని ఐ9 కన్నా కొత్త ఐ5 మిన్న.

తిరుపతిలో ధర ఎక్కువనిపించి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవారు మన ఊళ్లో తక్కువేమీ కాదు. వెళ్లడంలో తప్పులేదు, అక్కడ దొరికే రకాలు ఇక్కడ దొరకవు. అయితే బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామన్న చోట 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంతోషపడేవారు, వారంటీకి ఆధారం ఆ బిల్లేనన్న సంగతి ప్రాసెసర్ పాడైన రోజున గ్రహిస్తారు. పెట్టెతో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. పెట్టె లేకుండా ట్రే పీస్ అని ఇచ్చేదానికి ఉండేది ఎక్కువగా అమ్మినవారి మాటే. ఊళ్లోని దుకాణదారులందరినీ నేను నిందించడం లేదు. అడిగితే పూర్తి మోడల్ సంఖ్యలు, సీరియల్ నంబర్లతో సహా బిల్లు ఇచ్చేవారు ఇక్కడా ఉన్నారు, వారి కొటేషన్ రెండు రోజులు ఇతరులతో పోల్చి చూసుకున్నా నొచ్చుకోరు. పేరు దాచి అమ్మేవారి తక్కువ ధర ముందు అలాంటివారే బేరం పోగొట్టుకుంటున్నారు.

అందుకే మీకు ఈ విన్నపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిన ప్రకటనను కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనల నిర్వచనంలో చేర్చింది. పద్నాలుగేళ్ల నాటి ప్రాసెసర్‌ను తరం చెప్పకుండా "ఐ7 గేమింగ్ పీసీ" అనడం ఆ కోవలోకి వస్తుందో రాదో న్యాయం తెలిసినవారు చెప్పాలి. ఈలోగా మీ ప్రకటనల విభాగం, కంప్యూటర్ అమ్మకపు ప్రకటన తీసుకునేటప్పుడు ప్రాసెసర్ పూర్తి మోడల్, మదర్‌బోర్డు పూర్తి మోడల్, ర్యామ్ రకం, వేగం, స్టిక్కుల సంఖ్య అడిగి, కొత్తవా పాతవా అన్నదానితో సహా అచ్చు వేయాలన్న నియమం పెట్టుకోవచ్చు. చిన్న ప్రకటనలకు మాటల లెక్కన రుసుము తీసుకుంటున్నట్టయితే, ఈ వివరాలకు రుసుము మినహాయించే విషయం కూడా దయచేసి పరిశీలించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బాలాజీ కాలనీ, తిరుపతి.